నాన్న చూపుడువేలు

కొట్టు నాదనుకుని మొదలుపెట్టిన నాడు నా చేతిలో ఉన్నవి: అద్దాలు కోసే వజ్రపు మొన కలం, నాన్న పక్కన నిలబడి నేర్చుకున్న పని, నాన్న నోటి మాట ఒకటి. కలం అరిగితే ఇంకోటి కొనుక్కోవచ్చు. పని తెలిసినవాళ్లు మా వీధిలోనే ఇంకా ఉన్నారు. మాట మాత్రం నా ఒక్కడి దగ్గరే ఉంది. "పెద్దాడు గడప దాటాక వాడి మొహం నేను చూసింది లేదు, చూడబోయేదీ లేదు. నాకు మిగిలిన కొడుకువి నువ్వొక్కడివే" అన్నాడాయన. ఉన్నదంతా ఆ మాట మీదే పెట్టాను. ఒకే సరుకు మీద అంతా పెట్టకురా అని నాకు నేర్పిందీ ఆయనే.

మాది పటాలు కట్టే కొట్టు. ముందు గదిలో గోడ నిండా ఫ్రేము చెక్కల మూలలు, పెద్దవీ చిన్నవీ, మేకులకు వేలాడుతుంటాయి. వెనక గదిలో అద్దపు పలకలు నిలువుగా, మధ్య మధ్య పాత కాగితాలతో. ఎంత ఊడ్చినా రంపంపొట్టు పోదు, ఎన్ని కిటికీలు తెరిచినా జిగురు వాసన పోదు. కొట్టు వెనకే ఇల్లు.

జనం కొత్త ఫ్రేము కట్టించుకుని పాతది మాకు వదిలేసి పోతారు. కొందరు పాత ఫ్రేముతో పాటు అందులో ఉన్న మనిషిని కూడా వదిలేస్తారు. అలా చేరిన పాత ఫోటోలు తిరగేసి తిరగేసి నాకొక విద్య అబ్బింది. ఫోటో చూసి అది ఏ కాలంలో దిగిందో చెప్పగలను. బజారులో నన్ను తారీఖుల షావుకారు అంటారు. వంశం గురించి రాసుకునేవాళ్లు, పాత వస్తువులు అమ్మేవాళ్లు, ఇంటి మీద తగువు పడ్డవాళ్లు, అందరూ వస్తారు.

విద్యలో రహస్యమేమీ లేదు. ఫోటోలో కనిపించేదాన్ని రెండు రాశులు పోస్తాను. ఒకటి స్టూడియో సొత్తు, రెండోది మనిషి సొత్తు. కుర్చీ, పూలకుండీ, వెనక తెర మీద గీసిన మెట్లు, చేతిలో పుస్తకం, ఇవన్నీ స్టూడియోవి. కోటు కూడా. ఒకే కోటు ఒకే కొక్కేనికి వేలాడుతూ మూడు తరాల వాళ్లను దొరల్ని చేసింది. లావుపాటి వాళ్లకు వెనక చీలిక, బక్కవాళ్లకు వెనక పిన్నులు. కోటు చూసి కాలం చెప్పడమంటే కుండ చూసి కుమ్మరి వయసు చెప్పడమే. ఇక మనిషి సొత్తు అంటే చెప్పులు. ఎవరి కాలు ఎంతుంటుందో తెలీదు కాబట్టి చెప్పులు స్టూడియో వాడు ఇవ్వడు. వంగిన నడుము, ఊడిన పన్ను, వేలికి ఉంగరం తీసేసిన మచ్చ, అవీ మనిషి సొత్తే. మొహం అబద్ధమాడుతుంది. పాదాలు ఆడవు.

ఒకసారి ఒక పెద్దమనిషి వాళ్ల ముత్తాత పటం తెచ్చాడు. నేను చెప్పిన కాలం ఆయనకు నచ్చలేదు.

"అంటే మా ముత్తాత అంత పాతవాడు కాదంటావా?"

"మీ ముత్తాత పాతవాడేనండీ. ఆయన జేబులో పెన్ను కొత్తది" అన్నాను.

కోపం వచ్చి వెళ్లిపోయాడు. మర్నాడు వచ్చి ఫ్రేము కట్టించుకున్నాడు, పెన్ను కనిపించకుండా.

ఇంత తెలిసినవాణ్ని. ఇప్పుడు చెప్పబోయేది కూడా నాకు తెలిసి ఉండాల్సిందే.

ఒక మధ్యాహ్నం, ఎండ మెట్లెక్కి లోపలికి వచ్చే వేళ, ఒకామె కొట్టు ముందు నిలబడింది. ముప్పై దాటిన మనిషి. భుజాన గుడ్డసంచి. బేరానికి వచ్చినవాళ్లు గోడలు చూస్తారు. ఈమె నన్ను చూస్తోంది.

"ఏం కావాలమ్మా?"

"బాబాయ్" అంది.

నాకున్నది ఒక్కడే అన్న, అన్నకున్నది ఒక్కతే కూతురు. ఆ పిల్లను అంతకుముందు నేను చూడలేదు. అయినా ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది. మా ఇంటి నుదురు అది. తగువుకు ముందే బయల్దేరినట్టు ముందుకు పొడుచుకుని ఉంటుంది.

"నాన్న పోయాడు బాబాయ్. రెండు నెలలైంది."

చేతిలో ఉన్న సుత్తి కింద పెట్టాను. "కబురు చెయ్యలేదేం?"

"చెయ్యొద్దన్నాడు. బాబాయి కొట్టు వైపు పోవద్దు, వాడి లెక్కలు వాడివి, వాటిని చెరపకూడదు అనేవాడు ఎప్పుడూ."

పొగరు పోలేదన్నమాట అనుకున్నాను.

లోపలి నుంచి నా భార్య వచ్చింది. గుమ్మంలో నుంచే అంతా విన్నట్టుంది. "ఇంటి పిల్లను ఎండలో నిలబెట్టి బేరం చేస్తారేంటండీ! రా తల్లీ. నేను మీ పిన్నిని. ఆయన సంగతి పట్టించుకోకు, మనిషి కంటే ముందు మేకులు కనిపిస్తాయి ఆయనకి" అని చెయ్యి పట్టి లోపలికి తీసుకొచ్చి బల్ల దగ్గర కూర్చోబెట్టింది.

అన్న ఇల్లు వదిలి ఎందుకు వెళ్లాడో ఇక్కడ చెప్పాలి. మా కొట్టుకు వచ్చే పాత ఫోటోలు చిరిగినా మరకపడినా, దిద్దించడానికి ఒక స్టూడియోకు పంపేవాళ్లం. అక్కడ దిద్దుడు పని చేసే అమ్మాయి ఒకామె ఉండేది. సన్నటి కుంచె, కాస్త రంగు, అంతే ఆమె సామాను. గీతలు పూడ్చేది, మశూచి మచ్చలు మాయం చేసేది, ఊడిన పన్ను మొలిపించేది. ఫోటోలు ఇచ్చి పుచ్చుకునే పని మా అన్న చూసేవాడు. కొన్నాళ్లకు చిరగని ఫోటోలు కూడా పట్టుకెళ్లడం మొదలెట్టాడు. పెళ్లి చేసుకుంటానన్నాడు.

"మనం పనిచ్చి పోషించేవాళ్ల పిల్లను తెచ్చి నా ఇంట్లో నిలబెడతావా?" అన్నాడు నాన్న.

"నీ ఇంట్లో కాదులే, నా ఇంట్లో నిలబెడతాను" అన్నాడు అన్న. వేరే ఊరు పోయారు. మళ్లీ రాలేదు. నాన్న పోయిన రోజున వచ్చాడట, అవతలి పక్క అరుగు దగ్గర చాలాసేపు నిలబడ్డాడట, మెట్టెక్కకుండానే వెళ్లిపోయాడట. తర్వాత చెప్పారు ఎవరో. నాన్న మాట నిజమేనని దాంతో ఇంకా గట్టిపడింది నాకు. మొహం చెల్లినవాడైతే మెట్టెక్కడా?

ఆ పిల్ల సంచిలోంచి రెండు అట్టముక్కల మధ్య పెట్టిన ఫోటో తీసింది.

"ఇది నాన్న మంచం పక్కన గోడకు ఆనించి ఉండేది. ఎప్పటిదని అడిగితే పాతది అనేవాడు, అంతే. అమ్మను అడిగే వయసు నాకు రాకముందే అమ్మ పోయింది. బాబాయ్, ఇది నాన్న ఇల్లు వదలకముందుదా, తర్వాతదా? అదొక్కటి చెప్పండి."

"ఏదైతే ఏమిటమ్మా ఇప్పుడు?"

"తర్వాతదైతే తాతయ్య నాన్నను మన్నించినట్టు. ముందుదైతే లేదు. నాన్న బతికినన్నాళ్లూ తల వంచుకునే బతికాడు. ఎందుకో తెలియాలి నాకు. కొట్టు కోసం కాదు బాబాయ్. కావాలంటే ఏ కాగితం మీదైనా సంతకం పెట్టేస్తాను."

కాగితం మాట విని నా భార్య నా వైపు చూసింది. నేను ఫోటో వైపు చూశాను.

వెనక తెర మీద మెట్లు, పక్కన పూలకుండీ. కుర్చీలో అన్న, కోటు వేసుకుని. వెనకగా పక్కకు నాన్న నిలబడి ఉన్నాడు. నాన్న కుడిచెయ్యి అన్న భుజం మీద ఉంది. పెట్టమంటే పెట్టిన చెయ్యి కాదది. పట్టుకున్న చెయ్యి.

నేను చెప్పబోయే కాలం మీద ఆ పిల్లకు తండ్రి పరువు ఉంది. నాకు అంతకంటే ఎక్కువే ఉంది. ఇది తర్వాతదైతే, నేను జీవితమంతా దాచుకున్న నోటు చెల్లనిదని అర్థం.

భూతద్దం తీశాను. కోటు, స్టూడియోది, వదిలెయ్. గడియారం మణికట్టు మీద వదులుగా ఉంది, అదీ వాళ్లదే అయ్యుండాలి. కాగితం అంచులు అలలుగా కత్తిరించి ఉన్నాయి, అది కాస్త తర్వాతి కాలపు మోజు. కానీ అంచు చెప్పేది ఫోటో ఎప్పుడు అచ్చు వేశారో, ఎప్పుడు దిగారో కాదు. పాత నెగెటివు నుంచి తర్వాతెప్పుడో తీయించుకుని ఉండొచ్చు. అన్న బుగ్గలు పీక్కుపోయి ఉన్నాయి. కుర్రతనంలో సన్నగానే ఉండేవాడు. ఇలా ఒక్కొక్కటీ పక్కకు తోసుకుంటూ వచ్చి, చేతి దగ్గర ఆగాను.

నాన్న కుడిచేతి చూపుడువేలు. మొదటి కణుపు నుంచి గోరు దాకా నిండుగా, చక్కగా ఉంది.

నా గుండె మీంచి పలక దించినట్టయింది.

"ఇటు చూడమ్మా. ఈ వేలు చూశావా?"

"చూశాను."

"మీ నాన్న ఇల్లు వదిలి వెళ్లాక మాకు పెద్ద అద్దాలు మొయ్యడానికి మనిషి లేకపోయాడు. ఎప్పుడూ ఒక కొన తాతయ్య, రెండో కొన మీ నాన్న పట్టేవాళ్లు. ఆ తర్వాత రెండో కొన నాది. నాకంత బలం లేదు. ఒకరోజు నిలువెత్తు పలక జారింది. తాతయ్య చూపుడువేలి కొన గోరుతో సహా పోయింది. పోయేదాకా మొండివేలే ఆయనకి. ఈ ఫోటోలో వేలు నిండుగా ఉంది. అంటే పలక జారకముందు దిగింది. అంటే మీ నాన్న ఇంట్లో ఉన్నప్పుడు దిగింది."

ఇంత పక్కాగా ఎవరికీ ఎప్పుడూ చెప్పలేదు నేను. నా గొంతులో సంతోషం నాకే వినిపించింది. ఆ పిల్లకు కూడా వినిపించే ఉంటుంది.

"ముందుదన్నమాట" అంది.

"ముందుదే."

ఫోటో దగ్గరికి లాక్కుంది. "మరి నాన్న కూర్చుని, తాతయ్య నిలబడ్డారేం బాబాయ్? పెద్దవాళ్లే కదా కూర్చునేది?"

ఆ ప్రశ్న ముందు నాకే రావాల్సింది. పెద్దవాడు నిలబడి చిన్నవాడు కూర్చున్న ఫోటో నా చేతుల మీదుగా పోయింది లేదు.

"స్టూడియో వాడి సరదా అయ్యుంటుంది" అన్నాను.

ఆ పిల్ల తల ఊపింది. "సరే. ఏ కాలందైతేనేం, ఇద్దరూ కలిసున్నది ఇదొక్కటే. మంచి ఫ్రేము కట్టండి. రేపు సాయంత్రం వచ్చి తీసుకుంటాను" అంది. తెలిసినవాళ్లింట్లో దిగిందట. అన్నం తిని వెళ్లమని నా భార్య పట్టుబట్టింది. ఆకలి లేదంది. మెట్లు దిగుతున్నప్పుడు చూశాను. తల వంచుకునే దిగింది.

"అంత ఆనందంగా చెప్పాలా?" అంది నా భార్య.

"నిజం చెప్పాను."

"నిజమే. స్వీటు పంచినట్టు చెప్పారు."

మర్నాడు అన్నాలయ్యాక ఫోటో బల్ల మీద పెట్టుకున్నాను. ఫ్రేములో పెట్టేముందు దుమ్ము తుడవాలి. దూది తడిపి, గట్టిగా పిండి, మెల్లగా అద్దాలి. తెర తుడిచాను, పూలకుండీ తుడిచాను. అన్న మొహం తుడిచాను. నాన్న చెయ్యి తుడిచాను.

వేలు పొట్టిదైంది.

దూది తిప్పి చూశాను. బూడిదరంగు. మళ్లీ ఒక్కసారి అద్దాను. గోరు పోయింది. గోరు ఉండాల్సిన చోట కోటు గుడ్డ నేత కనిపించింది. చూపుడువేలు మొదటి కణుపు దగ్గర ఆగిపోయి, నేనెరిగిన మొండివేలై, అన్న భుజాన్ని పట్టుకుని ఉంది.

దూది మీద ఉన్న రంగు ఎవరి చేతిదో భూతద్దం లేకుండానే తెలిసింది. చెరిగిపోకముందు ఆ గోరు మీద చిన్న తెల్లచుక్క ఒకటి ఉంది. నిన్న చూసి మెరుపనుకున్నాను. గోరు గీసిన ప్రతిసారీ ఆ చుక్క పెట్టేది ఒకే ఒక మనిషి. వెలుగు ఎటు నుంచి పడినా సరే, ఆమె గీసిన గోళ్లు మెరవాల్సిందే. స్టూడియో నుంచి వచ్చిన ప్రతి ఫోటోలో ఆ చుక్క చూసి నాన్న విసుక్కునేవాడు కూడా, "ఈ పిల్ల చచ్చినవాళ్లకు కూడా గోళ్లరంగు వేస్తుంది" అని. మా వదిన. మామగారి వేలు తెగి ఉండటం చూసి ఊరుకోలేకపోయింది. ఎవరూ అడక్కుండానే అతికించింది.

లోకంలో ప్రతివాడి ఊడిన పన్నూ దిద్దుతారని నాకు తెలుసు. మెల్లకన్ను సరిచేస్తారని తెలుసు. వచ్చినవాళ్లకు చెబుతాను కూడా, చెయ్యి తిరిగిన దిద్దుడు పని ఉన్నచోట కంటిని నమ్మకండి, గోటితో గీకి చూడండి అని. నిన్న గీకలేదు. నాకు కావలసిన సరుకు కనబడింది, తూకం చూడకుండా కొన్నాను.

అక్కడి నుంచి మిగతా లెక్క దానంతటదే తేలింది. వేలు తెగిన మరుసటేడు నాన్న అద్దాలు తెస్తానని బయల్దేరాడు. ఎప్పుడూ వెళ్లిన మర్నాడే వచ్చేవాడు. ఆసారి నాలుగు రోజులున్నాడు. వట్టి చేతులతో వచ్చాడు. "సరుకు బాగాలేదురా" అన్నాడు. దారిఖర్చు పెట్టుకుని సరుకు లేకుండా తిరిగొచ్చిన ప్రయాణం ఆయన జీవితంలో అదొక్కటే. సరుకు బాగాలేకపోతే బేరమాడి బాగాలేని సరుకే తెచ్చే మనిషి.

ఆయన లేనప్పుడే నా బావమరిది వచ్చాడు. పలకలకు రసం పూసి నిలువుటద్దాలు చేసే కార్ఖానా పెడుతున్నాను, సగం నీది, వచ్చెయ్ బావా అన్నాడు. నాకు వెళ్లాలనే ఉంది. నాన్న రాగానే చెప్పాను. అప్పుడే అన్నాడు ఆ మాట. వాడి మొహం చూసింది లేదు, నాకు నువ్వొక్కడివే అని. కాళ్లకు ఇంకా ఆ ఊరి దుమ్ము ఉంది.

నేను ఆగిపోయాను. బావమరిది కార్ఖానా ఇప్పుడు ఆ చివర నుంచి ఈ చివరకు నడవాలంటే ఆయాసం వచ్చేంత ఉంది. నా భార్య సంతలా వారానికోసారి గుర్తుచేస్తుంది.

"ఏంటండీ, దెయ్యాన్ని చూసినట్టు?" నా భార్య గుమ్మంలో ఉంది.

ఫోటో అటు జరిపాను. భూతద్దం ఇవ్వబోతే అక్కర్లేదంది.

"మామయ్య వేలే" అంది. "నిన్న బాగానే ఉందిగా?"

దూది చూపించాను. మా ఆవిడకు అర్థమవడానికి ఎక్కువసేపు పట్టలేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది. తిడుతుందనుకున్నాను. మా తమ్ముడు పిలిచినప్పుడే అని మొదలెడుతుందనుకున్నాను. తిట్టలేదు. అది ఇంకా కష్టంగా ఉంది.

"మీ నాన్న గొప్ప వ్యాపారస్తుడండీ" అంది చివరికి. "ఒకే సరుకు ఇద్దరికి అమ్మాడు. ఇద్దరూ అడ్డం తిరగలేదు."

"ఆ పిల్లకు ఏం చెప్పాలి?"

"ఏముంది చెప్పడానికి? తప్పు చెప్పానని చెప్పండి."

ఆవిడకేం, తేలిగ్గా అనేసి లోపలికి పోయింది. నేను సొరుగులోంచి కుంచె తీశాను. దిద్దుడు నాకూ కాస్త వచ్చు. రంగు కలిపాను. అట్టముక్క మీద ఒక వేలు గీసి చూశాను. వంకాయ ముచ్చికలా వచ్చింది. వదిన చెయ్యి వదినదే.

కుంచె పడేసి, పటాలు కట్టేవాడి ఉపాయం పట్టుకున్నాను. ఫోటో మీద కిటికీలా కోసిన అట్ట ఒకటి వేస్తాం కదా, చుట్టూ అంచు కనిపించేలా. ఆ కిటికీ కొంచెం ఇరుకుగా కోశాను. అన్న మొహం, నాన్న మొహం, ఇద్దరి ఛాతీలు. అన్న భుజం కొస అట్ట కిందికి పోయింది, దాంతో పాటు నాన్న చెయ్యీ పోయింది. పెన్ను దాచినవాణ్ని చూసి నవ్వుకున్నవాణ్నే. మంచి టేకు చెక్క వేసి, అద్దం మెరిసేలా తుడిచి, గోడకు ఆనించాను. ఎవరు చూసినా వంక పెట్టలేని పని.

సాయంత్రం వచ్చింది. ఫ్రేము చేతిలోకి తీసుకుంది. నేను వేరే పని ఉన్నట్టు మేకుల డబ్బా కదిపాను.

"చెయ్యేది బాబాయ్?"

"ఏ చెయ్యి?"

"తాతయ్య చెయ్యి. నాన్న భుజం మీద ఉండాలిగా."

"అట్ట కిందికి పోయిందమ్మా. ఇలా అయితే మొహాలు పెద్దగా కనిపిస్తాయి. అందరూ ఇలాగే కట్టించుకుంటారు."

"మొహాలు నాకెందుకు? నాన్న మొహం నాకు తెలుసు. ఆ చెయ్యి కోసమే కదా ఫ్రేము కట్టిస్తున్నది." ఫ్రేము బల్ల మీద పెట్టింది. "విప్పండి."

"గట్టిగా బిగించాను, విప్పితే చెక్క..."

"విప్పండి బాబాయ్" అంది. నుదురు ముందుకు వచ్చింది. మా నాన్న నుదురే.

కొన్న సరుకు వద్దని తిప్పి ఇచ్చేవాళ్లతో వాదించకూడదు. మేకులు లాగాను. అట్ట తీసేశాను. చెయ్యి బయటపడింది.

ఆ పిల్ల వంగి చూసింది. "వేలేమైంది? నిన్న ఉందే."

"తుడిస్తే పోయింది. గీసిన వేలు అది. మీ అమ్మ గీసింది."

తల ఎత్తి నన్ను చూసింది. నేను నిన్న ఎంత పక్కాగా చెప్పానో అంత పక్కాగా మళ్లీ చెప్పాల్సి వచ్చింది. వేలు మొండిదైతే ఫోటో ఎప్పటిదో, ఇవాళ్టిదాకా నేను ఏమనుకున్నానో. ఒకటే మిగిలింది, అది నేనే అడిగాను. "మీ నాన్నకు ఎప్పుడైనా పెద్ద జబ్బు చేసిందా?"

"నేను పుట్టిన ఏడాది టైఫాయిడ్. రెండు నెలలు మంచం దిగలేదట. లేచాక కూడా గోడ పట్టుకునే నడిచేవాడట. అప్పుడెవరో పెద్దాయన వచ్చి నాలుగు రోజులుండి మందులవీ తెచ్చాడని పక్కింటి మామ్మ చెప్పేది. డాక్టరేమో అనుకునేదాన్ని."

వదులైన గడియారం, పీక్కుపోయిన బుగ్గలు, కుర్చీ. నిలబడలేని కొడుకును కూర్చోబెట్టి, జారిపోకుండా భుజం పట్టుకుని నిలబడ్డాడు ఆయన. మనిషి సొత్తు మొత్తం అక్కడే ఉంది. ఒక్కటీ నేను నా రాశిలో వేసుకోలేదు.

"తాతయ్య వచ్చాడు" అంది ఆ పిల్ల, నాతో కాదు. నవ్వింది, వెంటనే కొంగుతో మొహం తుడుచుకుంది. "మరి నాన్న ఎందుకు చెప్పలేదు? నాకైనా చెప్పొచ్చుగా?"

సమాధానం ఆమే నిన్న గుమ్మంలో చెప్పింది. వాడి లెక్కలు వాడివి, చెరపకూడదు. ఎవరికీ చెప్పొద్దని నాన్న అన్న దగ్గర మాట తీసుకుని ఉంటాడు. అన్నతో మంచి అయిందని నాకు తెలిస్తే, కొట్టులో వాడికీ వాటా ఇవ్వాల్సి వస్తుందేమోనని నేను కార్ఖానాకు పోతానని నాన్న లెక్క. ఆ లెక్క తప్పు కాదు, పోయేవాణ్నే. అన్న ఆ మాట నిలబెట్టుకున్నాడు. అవతలి అరుగు దగ్గర నిలబడి కూడా నిలబెట్టుకున్నాడు. నేను పొగరనుకున్నది అదీ.

ఇదంతా ఆ పిల్లకు చెప్పాను. దాచి లాభం లేదు.

"అయ్యో బాబాయ్" అంది. జాలిపడింది నా మీద. తండ్రి పోయి వచ్చిన పిల్ల నా మీద జాలిపడింది. అదొక్కటి లేకుండా ఉంటే బాగుండేది.

నా భార్య పళ్లెంలో టీలు తెచ్చింది. అట్టకు కొత్తగా వెడల్పు కిటికీ కోశాను. వేలు దిద్దించనా, మంచి పనివాళ్లున్నారు అన్నాను. వద్దంది. "ఆ వేలే కదా సాక్ష్యం" అంది. ఫ్రేము గుడ్డలో చుట్టి ఇస్తుంటే గోడలన్నీ ఒకసారి చూసింది.

"మీరూ తాతయ్యా ఉన్నది ఏది బాబాయ్? చూసిపోతాను."

నా భార్య టీ కప్పులు సర్దడం మొదలెట్టింది.

"లేదమ్మా."

"ఒక్కటి కూడానా? పటాల కొట్టులో?"

"రోజూ చూసుకునే మొహాలే కదరా, ఫోటో దండగ అనేవాడు మీ తాతయ్య."

ఫ్రేము అందుకుంది. వస్తుండు తల్లీ అని మా ఆవిడ అంది. వస్తానంది. మెట్లు దిగుతుంటే చూశాను. తల ఎత్తుకుని దిగింది, ఫ్రేము రెండు చేతులతో పట్టుకుని.

మిగిలింది లెక్క చూసుకోవడమే. కొట్టు నాది, ఎవరూ అడగలేదు, ఇక అడగరు. పేరుంది. అటు అన్నకు ముట్టింది నాలుగు రోజులు, భుజం మీద ఒక చెయ్యి. ఇటు నాకు ముట్టింది ఆయన పోయేదాకా ప్రతిరోజూ. ఈ లెక్కన లాభం నాదే కావాలి. ఆ చెయ్యి నా భుజం మీద ఎప్పుడు పడిందా అని వెతికాను. ఒకటి దొరికింది. పలక జారిన రోజు, కింద పడకుండా నన్ను పట్టుకున్నాడు. చొక్కాకు రక్తం అంటితే, చన్నీళ్లలో నానబెట్టరా, పోతుంది అన్నాడు. పోయింది కూడా.

బల్ల మీద దూది ఆరిపోయి ఉంది. దాని మీద బూడిదరంగు మరక, గోరంత. నా వాటాకు వచ్చిన నాన్న చెయ్యి అంతే. అదీ వదిన గీసింది.